పాత మజిల్ కారులో శక్తి ఎక్కడ పోతోంది? వీ8 ఇంజిన్ లాగకపోవడానికి కారణం తేల్చే పద్ధతి

మధ్యస్థ కొలతల్లో ఉండే రెండు తలుపుల కారులో పెద్ద వీ8 ఇంజిన్ (V ఆకారంలో రెండు వరుసలుగా ఎనిమిది సిలిండర్లు ఉండేది) అమర్చి, యువతకు అందుబాటు ధరలో అమ్మిన అమెరికన్ కార్లను మజిల్ కార్లు అంటారు. 1964లో పాంటియాక్ సంస్థ తన టెంపెస్ట్ శ్రేణిలో 389 ఘనపు అంగుళాల, అంటే సుమారు 6.4 లీటర్ల, ఇంజిన్‌తో తెచ్చిన జీటీఓతో ఈ ఒరవడి ఊపందుకుందని ఎక్కువమంది ఒప్పుకుంటారు. షెవ్రొలే షెవెల్, కమారో, డాడ్జ్ చార్జర్, ఫోర్డ్ మస్టాంగ్‌లోని పెద్ద ఇంజిన్ రకాలు ఆ తర్వాతి పదేళ్లలో రోడ్లను ఏలాయి. ఇవి ఇప్పుడు యాభై ఏళ్లు దాటిన బండ్లు. వీటిని కొన్నవారి నుంచి తరచుగా వినిపించే ఫిర్యాదు ఒక్కటే: స్టార్ట్ అవుతుంది, నిలకడగానే తిరుగుతుంది, కానీ లాగడం లేదు.

ఈ ఫిర్యాదు చిక్కు ముడిగా మారడానికి ప్రధాన కారణం, ఈ కార్లలో తప్పును నమోదు చేసే కంప్యూటర్ లేకపోవడం. అమెరికాలో 1996 మోడల్ నుంచి ప్రతి కారులోనూ స్కానర్ తగిలించి తప్పు కోడ్ చదివే ఏర్పాటు తప్పనిసరి అయింది. అంతకు పాతికేళ్ల ముందరి కారులో శక్తి తగ్గితే బయటికి కనిపించే లక్షణం దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, కారణాలు మాత్రం ఇరవైకి పైగా ఉండవచ్చు. లక్షణాన్ని బట్టి భాగాన్ని ఊహించి మార్చుకుంటూ పోయేవారు గాలిలో పెట్రోలు కలిపే కార్బ్యురేటర్, నిప్పురవ్వకు అధిక వోల్టేజీ ఇచ్చే కాయిల్, ప్లగ్గులు, పెట్రోలు పంపు అన్నీ కొత్తవి వేసిన తర్వాత కూడా అదే బండితో మిగులుతారు. కొలతలతో, ఒక వరుసలో, కారణాల గుంపును చిన్నది చేసుకుంటూ వెళ్లడమే ఇక్కడ పనిచేసే పద్ధతి. ఆ కొలతల్లోనూ కొన్ని అబద్ధం చెబుతాయి కాబట్టి ఏ కొలతను ఎంతవరకు నమ్మాలో కూడా తెలియాలి.

శక్తి తగ్గిందంటే దేనితో పోల్చి?

మొదట తేల్చుకోవలసిన ప్రశ్న ఇదే. ఆ రోజుల్లో కంపెనీలు ప్రకటించిన హార్స్‌పవర్‌ను గ్రాస్ హార్స్‌పవర్ అంటారు. ఇంజిన్‌ను కారులోంచి విడిగా బల్ల మీద బిగించి, ఫ్యాను, ఆల్టర్నేటర్ వంటి భారాలు తీసేసి, పొగను అడ్డులేకుండా వదిలే గొట్టాలతో కొలిచిన అంకె అది. 1972 మోడల్ నుంచి అమెరికన్ కంపెనీలు నెట్ హార్స్‌పవర్‌కు మారాయి. కారులో ఉన్నట్టే ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్, అన్ని బెల్టులూ తగిలించి కొలిచేది ఈ పద్ధతి.

షెవ్రొలే కార్వెట్‌లోని ఎల్‌టీ-1 ఇంజిన్ ఈ గందరగోళానికి చక్కని ఉదాహరణ. 350 ఘనపు అంగుళాల ఈ ఇంజిన్ అంకె 1970లో 370. తక్కువ సీసం ఉన్న పెట్రోలుతో నడిచేందుకు జనరల్ మోటార్స్ కంప్రెషన్ నిష్పత్తిని (సిలిండర్‌లో మిశ్రమం ఎన్ని రెట్లు కుదించబడుతుందో చెప్పే అంకెను) 11 నుంచి 9కి తగ్గించడంతో 1971లో అది 330 అయింది. 1972లో 255కి దిగింది. మొదటి తగ్గుదల నిజంగా ఇంజిన్ కోల్పోయిన శక్తి. రెండో తగ్గుదలలో ఎక్కువ భాగం కొలిచే పద్ధతి మారినందువల్ల వచ్చింది. 1970 నాటి ప్రకటనలోని అంకెను మనసులో పెట్టుకుని, ఈనాటి డైనో (శక్తిని కొలిచే యంత్రం) మీద చక్రాల దగ్గర కొలిచిన అంకెను చూసి, సగం శక్తి పోయిందని బెంగపడేవారు చాలామంది ఉన్నారు. గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ తినే శక్తి పోగా చక్రాల దగ్గర మిగిలేది నెట్ అంకె కంటే కూడా తక్కువే ఉంటుంది.

కాబట్టి పోల్చవలసింది ప్రకటనతో కాదు, అదే కారు బాగున్నప్పటి కొలతతో. డైనో అందుబాటులో లేనివారికి పావు మైలు రేసు ట్రాక్ మంచి కొలమానం. గీత దాటేటప్పుడు ఉన్న వేగాన్ని గంటకు మైళ్లలో తీసుకుని, 234తో భాగించి, ఆ ఫలితాన్ని ఘనం చేసి, డ్రైవరుతో కలిపి కారు బరువును పౌండ్లలో గుణిస్తే ఇంజిన్ శక్తి ఉజ్జాయింపుగా వస్తుంది. పావు మైలుకు పట్టిన సమయం టైర్ల పట్టును బట్టి మారిపోతుంది గానీ, గీత దగ్గరి వేగం మాత్రం ప్రధానంగా శక్తినే చెబుతుంది.

350 ఇంజిన్ ఉన్న 1969 కమారో ఎస్‌ఎస్ ఒకటి డ్రైవరుతో కలిపి 3,800 పౌండ్లు ఉందనీ, 92 మైళ్ల వేగంతో గీత దాటుతుందనీ అనుకుందాం. లెక్క వేస్తే 231 హార్స్‌పవర్ వస్తుంది. కంపెనీ ప్రకటించిన గ్రాస్ అంకె 300. తేడా పెద్దదే అయినా ఈ ఇంజిన్‌లో పోయింది ఏమీ లేదు. అదే కారు ఈ ఏడాది 86 మైళ్లతోనే గీత దాటితే లెక్క 189కి పడిపోతుంది. అంటే 42 హార్స్‌పవర్ నిజంగానే పోయింది. ఎనిమిది సిలిండర్లలో ఒకటి పూర్తిగా పనిచేయకపోతే పోయేది ఎనిమిదో వంతు, అంటే సుమారు 29. కాబట్టి ఒక ప్లగ్గు మండకపోవడం ఒక్కటే ఈ నష్టానికి చాలదు. ఇంజిన్ మీద చెయ్యి వేయకముందే ఇంత సంగతి తెలుస్తుంది.

ఊరి ఎత్తును కూడా మరచిపోకూడదు. సముద్రమట్టం నుంచి ప్రతి వెయ్యి అడుగులకు ఇంజిన్ శక్తి సుమారు 3 శాతం తగ్గుతుంది. హ్యూస్టన్‌లో హాయిగా నడిచిన కారును 5,280 అడుగుల ఎత్తున ఉన్న డెన్వర్‌కు తీసుకెళితే 15 శాతానికి పైగా శక్తి గాలి పలుచదనానికే పోతుంది. దానికి రిపేరు లేదు, కార్బ్యురేటర్ జెట్లు (పెట్రోలును కొలిచి వదిలే చిన్న రంధ్రాలు) మార్చి కొంత సర్దుకోవడమే.

ఇంజిన్ తప్పు కాని సందర్భాలు

పెడల్‌ను నేలదాకా తొక్కినప్పుడు కార్బ్యురేటర్‌లోని రెక్కలు పూర్తిగా తెరుచుకుంటున్నాయా? ఇంజిన్ ఆపేసి, ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కుతుండగా మరొకరు ఎయిర్ ఫిల్టర్ తీసి లోపలికి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోయే విషయం ఇది. కొత్తగా వేసిన మందపాటి కార్పెట్ పెడల్ ప్రయాణంలో అంగుళం మింగేయవచ్చు. పెడల్‌ను కార్బ్యురేటర్‌తో కలిపే లింకేజీ అరిగి ముప్పాతిక వరకే తెరుచుకోవచ్చు. ఖరీదైన పరీక్షలన్నీ అయ్యాక చివరికి దీన్ని కనుక్కోవడం కంటే మొదటే చూసుకోవడం మేలు.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న కార్లలో మరో సంగతి ఉంది. 1969లో వచ్చిన టర్బో హైడ్రామాటిక్ 350 గేర్‌బాక్స్, పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు ఒక కేబుల్ లాగడం వల్ల కింది గేరుకు దిగుతుంది. కార్బ్యురేటర్ మార్చినప్పుడు ఆ కేబుల్ తగిలించకుండా వదిలేస్తే కారు పై గేరులోనే ఈడుస్తూ పోతుంది, తప్పు ఇంజిన్ మీద పడుతుంది. పట్టేసిన బ్రేకులు, జారుతున్న క్లచ్ కూడా ఇలాగే మోసం చేస్తాయి. ఇంజిన్ వేగం పెరుగుతూ బండి వేగం పెరగకపోతే అది క్లచ్ లేదా గేర్‌బాక్స్ సంగతి.

ఇంజిన్ గుండెను కొలవడం: వాక్యూమ్, కంప్రెషన్, లీక్‌డౌన్

గాలి, పెట్రోలు, నిప్పురవ్వ, వాటిని పిండి పట్టి ఉంచే లోహం: ఇంజిన్ శక్తికి కావలసినవి ఇవే. మొదటి మూడింటినీ బయట నుంచి సరిచేయవచ్చు, నాలుగోది పోతే ఇంజిన్ విప్పాలి. ముందు లోహం సంగతి తేల్చుకోవాలనే వారూ, ముందు ట్యూనింగ్ సరిచేసి చూడాలనే వారూ మెకానిక్‌లలో రెండు వర్గాలుగా ఉన్నారు. ట్యూనింగ్ చౌక, పైగా ఎక్కువ సందర్భాల్లో తప్పు అక్కడే ఉంటుందన్నది రెండో వర్గం వాదన. కాలిన వాల్వు ఉన్న ఇంజిన్‌ను ఎంత ట్యూన్ చేసినా కుదరదనీ, ఆ ప్రయత్నంలో మిగతా సర్దుబాట్లు కూడా చెడతాయనీ మొదటి వర్గం అంటుంది. వాక్యూమ్, కంప్రెషన్ పరీక్షలకు ఒక గంటే పడుతుంది కాబట్టి నాకు మొదటి వర్గం మాటే సబబుగా తోస్తుంది.

ఇంజిన్ పీల్పును కొలిచే వాక్యూమ్ గేజీని, మిశ్రమాన్ని సిలిండర్లకు చేర్చే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌కు తగిలిస్తే, మామూలు క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే ఇరుసు) ఉన్న ఆరోగ్యవంతమైన ఇంజిన్ ఐడిల్‌లో, అంటే పెడల్ తొక్కకుండా తిరిగేటప్పుడు, 17 నుంచి 21 అంగుళాల పాదరసం చూపుతుంది. ముల్లు కదలకుండా నిలబడాలి. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ ఒక అంగుళం తగ్గించి చూసుకోవాలి. ముల్లు ఒక లయలో పదే పదే కిందికి కొడుతుంటే ఒక వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదని అనుమానించాలి. ఇంజిన్‌ను నిమిషానికి 2,500 తిప్పుల వద్ద పట్టి ఉంచినప్పుడు ముల్లు మెల్లగా దిగుతూ పోతే పొగ బయటికి పోయే దారి మూసుకుపోయిందన్న అనుమానం కలగాలి. ముల్లు కదలకుండానే 14, 15 వద్ద తక్కువగా నిలిస్తే, ఇగ్నిషన్ టైమింగ్, అంటే ప్లగ్గు రవ్వ విసిరే వేళ, ఆలస్యమై ఉండవచ్చు, లేదా వాల్వులు తెరుచుకునే వేళే ఆలస్యమై ఉండవచ్చు. ఈ చివరి సూచన చాలా విలువైనది, దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

కంప్రెషన్ పరీక్షకు ఇంజిన్ వేడిగా ఉండాలి, ఎనిమిది ప్లగ్గులూ తీసేయాలి, కార్బ్యురేటర్ పూర్తిగా తెరిచి ఉంచాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి. ఒక్కో సిలిండర్ ప్లగ్గు రంధ్రానికి గేజీ బిగించి, స్టార్టరుతో పిస్టన్ నాలుగైదు సార్లు కుదించేలా తిప్పి అంకె రాసుకోవాలి. విడి అంకె కంటే అంకెల మధ్య పొందిక ముఖ్యం, అతి తక్కువది అతి ఎక్కువదానిలో 75 శాతం కంటే దిగకూడదన్నది వాడుకలో ఉన్న హద్దు. ఉదాహరణకు ఏడు సిలిండర్లు 150 నుంచి 160 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ఒత్తిడి) చూపి, ఆరో సిలిండర్ 105 చూపిందనుకుందాం. 160లో అది 66 శాతమే. ఆ సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే, పిస్టన్ చుట్టూ ఉండే రింగుల సందులను ఆయిల్ తాత్కాలికంగా మూసేస్తుంది. అంకె 140కి ఎగబాకితే రింగులు అరిగాయన్నమాట. 110 దగ్గరే ఆగిపోతే తప్పు వాల్వులో ఉంది. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లూ తక్కువగా ఉంటే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ల పైమూత కింద సందు మూసే పలక) పగిలి ఉండే అవకాశం ఎక్కువ.

లీక్‌డౌన్ పరీక్ష దీన్ని ఇంకా స్పష్టం చేస్తుంది. రెండు వాల్వులూ మూసుకుని ఉండే స్థితిలో పిస్టన్‌ను పైకి తెచ్చి, ప్లగ్గు రంధ్రం గుండా 100 పీఎస్‌ఐ గాలి పంపి, ఎంత శాతం కారిపోతోందో చూస్తారు. గాలి బుస ఎక్కడ వినిపిస్తుందన్నదే అసలు సమాచారం. కార్బ్యురేటర్‌లో వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్ గొట్టంలో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గర వినిపిస్తే రింగులు, రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్.

నిప్పురవ్వ వేళ: గుర్తు నిజం చెబుతోందా?

పెట్రోలు మిశ్రమం మండడానికి కొంత సమయం పడుతుంది కనుక పిస్టన్ పైకొసకు చేరకముందే ప్లగ్గు రవ్వ విసరాలి. ఎంత ముందు అన్నదాన్ని పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు అయిన క్రాంక్‌షాఫ్ట్ తిరిగే డిగ్రీల్లో చెబుతారు. షెవ్రొలే చిన్న బ్లాకు ఇంజిన్‌లో (పైన చెప్పిన 350 ఈ రకమే) ఐడిల్ దగ్గర ఈ ముందస్తు 4 నుంచి 8 డిగ్రీలు ఉంటుంది. ఇంజిన్ వేగం పెరిగే కొద్దీ రవ్వను ఒక్కో ప్లగ్గుకు పంచే డిస్ట్రిబ్యూటర్‌లోని రెండు బరువులు బయటికి విచ్చుకుని దాన్ని పెంచుతాయి. పూర్తి శక్తి కోసం మొత్తం 34 నుంచి 36 డిగ్రీలు కావాలని ఈ ఇంజిన్లతో పనిచేసేవారి అనుభవం. డిస్ట్రిబ్యూటర్‌కు ఉండే వాక్యూమ్ డబ్బా ఇచ్చే అదనపు ముందస్తు దీనికి వేరు, అది పెడల్ కొద్దిగా తొక్కి నడిపేటప్పటి సంగతి.

బరువులు తిరిగే ఇరుసులు ఎండిన గ్రీజుతో పట్టేస్తే ఏమవుతుందో చూద్దాం. ఐడిల్‌లో 8 డిగ్రీలు ఉంటుంది, టైమింగ్ లైటు (మొదటి ప్లగ్గు రవ్వతో పాటే వెలిగి, తిరిగే చక్రం మీది గీతను చూపే దీపం) వేసి చూసినవారు సరిగ్గానే ఉందంటారు. 3,000 తిప్పుల వద్ద 34 ఉండవలసింది 12 దగ్గరే ఉంటుంది. ఇంజిన్ వేడెక్కుతుంది, పొగ గొట్టాలు ఎర్రబారతాయి, ఎంత తొక్కినా బండి కదలదు. టైమింగ్‌ను ఐడిల్‌లో మాత్రమే చూసి వదిలేసే అలవాటు వల్ల ఈ తప్పు నెలల తరబడి దొరకకుండా ఉండిపోతుంది.

ఇంతకంటే లోతైన మోసం హార్మోనిక్ బ్యాలెన్సర్‌ది. క్రాంక్‌షాఫ్ట్ ముందు కొసన ఉండే ఈ బరువైన చక్రం రెండు ముక్కలు: లోపలి హబ్, బయటి రింగు, వాటి మధ్య అతికించిన రబ్బరు. టైమింగ్ గీత బయటి రింగు మీద ఉంటుంది. యాభై ఏళ్లలో రబ్బరు పట్టు వదిలి రింగు వెనక్కి జారితే, గీత ఉండవలసిన చోటు కంటే ఆలస్యంగా వస్తుంది. 8 డిగ్రీలు జారిందనుకుంటే, పిస్టన్ నిజంగా పైకొసన ఉన్న క్షణంలో లైటు 8 డిగ్రీల ముందస్తు చూపుతుంది. చూసినవారు టైమింగ్ సరిగ్గా ఉందనుకుంటారు, నిజానికి అది సున్నా. మొత్తం ముందస్తు 34 అని కనిపిస్తుంది, నిజానికి 26.

దీన్ని పట్టుకునే పద్ధతి చాలా పాతది, పూర్తిగా నమ్మదగినది. బ్యాటరీ తీగ తీసేసి, అన్ని ప్లగ్గులూ విప్పి, మొదటి సిలిండర్ ప్లగ్గు రంధ్రంలో పిస్టన్ స్టాప్ అనే బోల్టు వంటి పనిముట్టును బిగిస్తారు. క్రాంక్‌ను చేత్తో మెల్లగా ఒక వైపు తిప్పితే పిస్టన్ పైకొసకు కొంచెం ముందే ఆ బోల్టుకు తగిలి ఆగుతుంది. సూచిక ఎదురుగా బ్యాలెన్సర్ మీద సుద్దతో గీత గీస్తారు. రెండో వైపు తిప్పితే మళ్లీ తగిలి ఆగుతుంది, అక్కడ మరో గీత. ఆ రెండు గీతల సరిగ్గా నడిమధ్య ఉన్నదే నిజమైన పైకొస. కంపెనీ గీత దానితో కలవకపోతే బ్యాలెన్సర్ జారిందన్నమాట. టైమింగ్ లైటు చెప్పే మాటను నమ్మే ముందు ఈ పరీక్ష ఒక్కసారైనా చేసి తీరాలి.

రవ్వ బలం వైపు వస్తే, ఆ కాలపు డిస్ట్రిబ్యూటర్లలో కాయిల్ కరెంటును కలిపి తెంచే పాయింట్లు, వాటిని కాపాడే కండెన్సర్ ఉంటాయి. షెవ్రొలేలో పాయింట్లు మూసుకుని ఉండే కోణం, అంటే డ్వెల్, 30 డిగ్రీల దగ్గర ఉండాలి. మూతకు ఉన్న చిన్న కిటికీ ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగానే సన్నని ఆలెన్ కీతో దాన్ని సరిచేసే వెసులుబాటు జనరల్ మోటార్స్ ఇచ్చింది. పాయింట్లకు ఉండే రాపిడి దిమ్మె అరిగిపోతే డ్వెల్ పెరుగుతుంది, దాంతోపాటు టైమింగ్ కూడా ఆలస్యమవుతుంది. డ్వెల్ సరిచేసిన తర్వాతే టైమింగ్ చూడాలనే నియమానికి కారణం ఇదే.

పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్ వేసుకున్నవారికి మరో గుంట పొంచి ఉంది. పాయింట్లు కాలిపోకుండా కాయిల్‌కు వోల్టేజీ తగ్గించి ఇచ్చే నిరోధక తీగ ఒకటి కారులో కంపెనీ నుంచే ఉంటుంది. ఎలక్ట్రానిక్ వ్యవస్థకు పూర్తి 12 వోల్టులు కావాలి. పాత తీగనే దానికి తగిలిస్తే ఐడిల్‌లో ఏమీ తెలియదు, వేగం పెరిగినప్పుడు మిస్సింగ్ కొడుతుంది.

చిన్న బ్లాకు షెవ్రొలేలో రవ్వ వెళ్లే వరుస 1-8-4-3-6-5-7-2. ఇందులో 5, 7 ఒకదాని వెంట ఒకటి మండుతాయి, ఎడమ వరుసలో అవి పక్కపక్కనే ఉంటాయి. ఆ రెండు ప్లగ్గు తీగలూ ఒకదానికొకటి ఆనుకుని సమాంతరంగా పోతే, ఐదో తీగలోని అధిక వోల్టేజీ ఏడో తీగలో వేళగాని రవ్వ పుట్టించగలదు. తీగలను దూరంగా, వీలైతే ఒకదాన్నొకటి అడ్డంగా దాటేలా అమర్చడం ఈ ఇంజిన్లలో అందుకే ముఖ్యం.

వాక్యూమ్ డబ్బా గొట్టాన్ని ఎక్కడ తగిలించాలి అన్నది ఈ కార్ల అభిమానుల మధ్య ఎన్నటికీ తెగని వాదన. నేరుగా మ్యానిఫోల్డ్‌కు తగిలిస్తే ఐడిల్‌లో కూడా అదనపు ముందస్తు దొరికి ఇంజిన్ చల్లగా, నిలకడగా ఉంటుందని ఒక వర్గం అంటుంది. కార్బ్యురేటర్ రెక్కకు పైన ఉండే రంధ్రానికి తగిలిస్తే పెడల్ తొక్కినప్పుడే వాక్యూమ్ అందుతుంది, అనేక మోడళ్లలో కంపెనీ అలాగే ఇచ్చింది, ఐడిల్ సర్దుబాటు అలా తేలికని మరో వర్గం వాదన. ఇంజిన్ అమరికను బట్టి రెండూ సరైనవే కావచ్చు. అయితే పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు రెండు చోట్లా వాక్యూమ్ దాదాపు సున్నాకు పడిపోతుంది కాబట్టి, పూర్తి శక్తి పోయిందన్న ఫిర్యాదుకు ఈ వాదనతో సంబంధం లేదు. ఐడిల్ బాగాలేకపోవడం, మధ్య వేగంలో మందకొడితనం ఉంటేనే ఇది లెక్కలోకి వస్తుంది.

పెట్రోలు: పంపు నుంచి కార్బ్యురేటర్ దాకా

ఐడిల్‌లో పంపు సరైన ఒత్తిడి చూపిందంటే పెట్రోలు సరిగ్గా అందుతోందని అర్థం కాదు. ఇంజిన్ పక్కన బిగించిన మెకానికల్ పంపు 6 పీఎస్‌ఐ దగ్గర ఇస్తుంది, ఐడిల్‌కు కావలసిన పెట్రోలు చాలా స్వల్పం. ట్యాంకు లోపలి జాలి తుప్పుతో సగం పూడినా, రబ్బరు గొట్టం లోపలి పొర ఊడి దారికి అడ్డుపడినా, ఆ లోటు బయటపడేది నిండు పెడల్‌తో కొన్ని క్షణాలు పరిగెత్తినప్పుడే. కార్బ్యురేటర్ తొట్టిలో ఉన్న పెట్రోలుతో మొదటి క్షణాల్లో బాగా లాగి, ఆ తర్వాత చేతులెత్తేయడం దీని గుర్తు. గేజీని పొడుగాటి గొట్టంతో కారు ముందు అద్దం బయటికి తెచ్చి కట్టి, రేసు ట్రాక్‌లో నడుపుతూ చూడడమే దీనికి సరైన పరీక్ష. గేజీని మాత్రం కారు లోపలికి తేకూడదు, పెట్రోలు గొట్టం మనుషుల మధ్య పగిలితే జరిగేది అగ్నిప్రమాదం.

జనరల్ మోటార్స్ కార్లలో 1965 నుంచి వచ్చిన క్వాడ్రాజెట్ కార్బ్యురేటర్‌కు రెండు చిన్న రంధ్రాలు, రెండు చాలా పెద్ద రంధ్రాలు. పెద్దవి నిండు పెడల్‌కే తెరుచుకుంటాయి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు అవి తెరుచుకోకుండా చోక్‌తో (చల్లని ఇంజిన్ కోసం గాలిని తగ్గించే రెక్కతో) ముడిపడిన ఒక చిన్న కొక్కెం అడ్డుకుంటుంది. చోక్ సరిగ్గా వెనక్కి రాకపోతే ఆ కొక్కెం వదలదు, ఇంజిన్ ఎంత వేడెక్కినా సగం కార్బ్యురేటర్‌తోనే నడుస్తుంది. హోలీ కార్బ్యురేటర్లలో పవర్ వాల్వు పొర చిరగడం, క్వాడ్రాజెట్‌లో ఫ్లోటు (తొట్టిలో తేలుతూ పెట్రోలు మట్టాన్ని అదుపు చేసేది) పెట్రోలు పీల్చుకుని బరువెక్కడం కూడా తెలిసిన జబ్బులే, కాకపోతే ఈ రెండింటిలో మిశ్రమం చిక్కబడి నల్లపొగ వస్తుంది కాబట్టి గుర్తించడం తేలిక.

ఇథనాల్ మీద నిందలు ఎంతవరకు నిజం?

అమెరికాలో అమ్మే పెట్రోలులో దాదాపు అంతటా 10 శాతం ఇథనాల్ ఉంటుంది. భారత్‌లో 2025కల్లా 20 శాతం ఇథనాల్ పెట్రోలు బంకులకు చేరడంతో, పాత వాహనాల మీద దాని ప్రభావం గురించి తెలుగు రాష్ట్రాల్లోనూ గట్టి చర్చ నడిచింది. పాత మజిల్ కారు శక్తి పోతే ముందుగా ఇథనాల్‌నే దోషిగా నిలబెట్టడం ఎక్కువమంది చేసే పని.

లెక్క వేసి చూద్దాం. ఒక గ్రాము శుద్ధ పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 గ్రాముల గాలి కావాలి. 10 శాతం ఇథనాల్ ఉంటే 14.1, 20 శాతం ఉంటే సుమారు 13.5 చాలు, ఎందుకంటే ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంది. నిండు పెడల్‌కు 12.8 నిష్పత్తి ఇచ్చేలా జెట్లు పెట్టిన కార్బ్యురేటర్‌కు ఇంధనం మారిన సంగతి తెలియదు, అది ఇంచుమించు అదే నిష్పత్తిని ఇస్తుంది. పెట్రోలు భాషలో చెబితే 10 శాతం ఇంధనంతో అది 13.3తో సమానం, 20 శాతంతో 13.9తో సమానం. మొదటిది కొంచెం పలచన, శక్తిలో తేడా సీటులో కూర్చున్నవారికి తెలిసేంత కాదు. రెండోది బాగా పలచన, జెట్లు మార్చాల్సిందే. 10 శాతం ఇథనాల్ వల్లనే 40 హార్స్‌పవర్ పోయిందన్న మాట ఈ లెక్కకు నిలవదు. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలనూ పంపు పొరనూ మెత్తబరిచి పాడుచేస్తుందన్నది మాత్రం నిజమే, శక్తి నష్టం ఆ దారిలో రావచ్చు.

పెట్రోలు విషయంలో ఇంతకంటే ఎక్కువ నష్టం చేసేది ఆక్టేన్, అంటే నాకింగ్‌ను తట్టుకునే గుణం, తక్కువ కావడం. కమారోలోని 300 హార్స్‌పవర్ ఇంజిన్ కంప్రెషన్ నిష్పత్తి 10.25, అప్పటి ప్రీమియం పెట్రోలు కోసం చేసినది. ఇప్పటి పెట్రోలుతో నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి పేలి వచ్చే టకటక శబ్దం) వస్తే, ఎవరో డిస్ట్రిబ్యూటర్‌ను కొంచెం వెనక్కి తిప్పి శబ్దం ఆపేస్తారు. శబ్దంతోపాటు శక్తి కూడా పోతుంది. బండి చేతులు మారాక, ఆ టైమింగ్ ఎందుకు వెనక్కి ఉందో చెప్పేవారు ఉండరు.

కంప్రెషన్ పరీక్షకు దొరకని జబ్బులు

క్యామ్‌షాఫ్ట్ మీద ఉండే ఉబ్బెత్తులు వాల్వులను తెరుస్తాయి. ఎగ్జాస్ట్ వాల్వు ఉబ్బెత్తు అరిగిపోయినా కంప్రెషన్ అంకె బాగానే వస్తుంది, ఎందుకంటే ఆ పరీక్షలో వాల్వు మూసుకుంటే చాలు, పూర్తిగా తెరుచుకోనక్కర్లేదు. నడిచేటప్పుడు మాత్రం పొగ పూర్తిగా బయటికి పోక, కార్బ్యురేటర్‌లోంచి టప్‌టప్‌మని వెనక్కి కొడుతుంది. వాల్వు కవరు తీసి, ఉబ్బెత్తు కదలికను పైకి చేర్చే పుష్‌రాడ్ కొసన డయల్ గేజీ పెట్టి, క్రాంక్‌ను చేత్తో తిప్పుతూ ప్రతి ఉబ్బెత్తు ఎత్తునూ కొలవాలి. పైన చెప్పిన కమారో ఇంజిన్‌లో వాల్వు ఎత్తు ఇన్‌టేక్‌కు 0.390, ఎగ్జాస్ట్‌కు 0.410 అంగుళాలు. పుష్‌రాడ్ కదలికను వాల్వు దగ్గర పెంచే రాకర్ నిష్పత్తి 1.5 కనుక, ఉబ్బెత్తుల దగ్గర 0.260, 0.273 అంగుళాలు రావాలి. ఏడు ఎగ్జాస్ట్ ఉబ్బెత్తులు 0.27 చూపి ఒకటి 0.19 చూపితే ఇక సందేహానికి తావు లేదు.

ఈ అరుగుదలకు నూనె కారణమా అన్నది మరో వివాదం. పాత రకం లిఫ్టర్లు (ఉబ్బెత్తుకూ పుష్‌రాడ్‌కూ మధ్య ఉండే ముక్కలు) క్యామ్ మీద రాసుకుంటూ తిరుగుతాయి, వాటిని జింకు, భాస్వరం కలిసిన ఒక రసాయనం కాపాడుతుంది. పొగను శుద్ధి చేసే కాటలిటిక్ కన్వర్టర్లకు హాని చేస్తుందని ఆధునిక నూనెల్లో దాన్ని తగ్గించారు, 2004లో వచ్చిన ఇంజిన్ నూనెల ఎస్ఎమ్ ప్రమాణం కార్లు ఎక్కువగా వాడే పలుచని గ్రేడుల్లో భాస్వరానికి 0.08 శాతం హద్దు పెట్టింది. అందువల్లే క్యామ్‌లు పోతున్నాయని కొందరు అంటారు. నాసిరకం లిఫ్టర్లు, కొత్త క్యామ్ వేసిన మొదటి ఇరవై నిమిషాల్లో చేసే పొరపాట్లే అసలు కారణమని మరికొందరు. బలమైన స్ప్రింగులు ఉన్న ఇంజిన్‌కూ కొత్త క్యామ్‌కూ మొదటివారి మాట ఎక్కువగా వర్తిస్తుంది, దశాబ్దాలుగా కుదురుకున్న మామూలు క్యామ్‌కు అంతగా వర్తించదు.

క్రాంక్‌షాఫ్ట్ నుంచి క్యామ్‌షాఫ్ట్‌ను తిప్పే టైమింగ్ చైన్ కూడా చాటుగా శక్తిని తినేస్తుంది. శబ్దం తగ్గించడానికి ఆ కాలపు జనరల్ మోటార్స్ ఇంజిన్లలో చాలావాటికి క్యామ్ గేరు పళ్లను నైలాన్‌తో చేశారు. నైలాన్ పెళుసెక్కి రాలిపోతే చైన్ వదులై, వాల్వుల వేళ మొత్తం ఆలస్యమవుతుంది. డిస్ట్రిబ్యూటర్ కూడా క్యామ్ నుంచే తిరుగుతుంది కాబట్టి దాని వేళా ఆలస్యమవుతుంది. దాన్ని చూసినవారు డిస్ట్రిబ్యూటర్ తిప్పి లైటుకు సరిపెడతారు, వాల్వుల ఆలస్యం మాత్రం అలాగే ఉండిపోతుంది. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, క్రాంక్‌ను చేత్తో ఒక వైపు తిప్పి ఆపి, తిరిగి రెండో వైపు తిప్పుతూ, రోటర్ కదిలే ముందు ఎన్ని డిగ్రీలు వృథాగా పోయాయో చూస్తే చైన్ వదులు తెలుస్తుంది. ఐదారు డిగ్రీలు దాటితే చైన్ కవరు విప్పవలసి ఉంటుంది.

పై పరీక్షలన్నీ ఒక కారు మీద

86 మైళ్లకు పడిపోయిన ఆ కమారో మీద ఈ పద్ధతి ఎలా నడుస్తుందో చూద్దాం. పెడల్ పూర్తిగా తెరుచుకుంటోంది, గేరు కేబుల్ సరిగ్గానే ఉంది. కంప్రెషన్ ఎనిమిదింటిలోనూ 150, 160 మధ్య ఉంది. అంటే రింగులు, వాల్వులు, గ్యాస్కెట్‌ల మీద అనుమానం పోయింది. వాక్యూమ్ 15 దగ్గర కదలకుండా నిలిచింది, టైమింగ్ లైటు మాత్రం 8 డిగ్రీలు అంటోంది. రెండు కొలతలూ ఒకదానితో ఒకటి పొసగడం లేదు. ముల్లు ఆలస్యం అంటోంది, లైటు కాదంటోంది. అప్పుడు అనుమానించవలసినవి రెండే: జారిన బ్యాలెన్సర్, వదులైన చైన్. చైన్ వదులు మూడు డిగ్రీలే ఉంది. పిస్టన్ స్టాప్ పెడితే గీత 8 డిగ్రీలు తప్పని తేలింది.

బ్యాలెన్సర్ మార్చి టైమింగ్ సరిచేశాక ఐడిల్‌లో వాక్యూమ్ 18కి వచ్చింది, ట్రాక్ మీద వేగం 88 అయింది. లెక్కలో అది 202 హార్స్‌పవర్, అంటే పోయిన 42లో 13 మాత్రమే తిరిగి వచ్చాయి. టైమింగ్ తప్పు దొరికిందన్న సంతోషంలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అద్దం ముందు కట్టిన గేజీతో మరో పరుగు తీస్తే, బయలుదేరినప్పుడు 6 పీఎస్‌ఐ ఉన్న పెట్రోలు ఒత్తిడి గీత దగ్గరికి వచ్చేసరికి 2కి పడిపోయింది. ట్యాంకులోని జాలి, చాసిస్ వెంట ఉన్న రబ్బరు ముక్కలు మార్చిన తర్వాత ఒత్తిడి 5 దగ్గర నిలబడి, వేగం 92కి చేరింది. ఈ చివరి పరుగు మొదటిదానికంటే చల్లని రోజున తీసినదైతే, ఆ నాలుగు మైళ్లలో కొంత వాటా చిక్కని గాలిది కూడా అవుతుంది. దాన్ని విడదీయాలంటే మొదటి పరుగునాటి ఉష్ణోగ్రత ఉన్న రోజున మళ్లీ పరిగెత్తించి, ఆ అంకెనే రాసుకోవాలి.